పోలీసు కొలువులో తొలి రెండేళ్ళు: ‘తగుదికాణ్ పరువం’ గురించి కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

తమిళనాడు పోలీసు శాఖలో కానిస్టేబులుగా ఎంపికైన వారికి అందే నియామకపు ఉత్తర్వులో ‘తగుదికాణ్ పరువం’ అనే మాట ఉంటుంది. ఆంధ్ర దేశపు కార్యాలయాలలో దీనినే ప్రొబేషన్ అంటారు. ఉద్యోగానికి తగినవాడా కాడా అని చూచే కాలమని దాని భావం. ఉత్తర్వు చేతికి రాగానే కొలువు స్థిరపడినదని తల్లిదండ్రులు తలుస్తారు. పెండ్లి మాటలు మొదలవుతాయి. రాబోయే జీతాన్ని చూపి అప్పు తెచ్చి ఇంటికి పునాది తీసే వారూ ఉన్నారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ బిడ్డ ఇంకా గడప మీదనే నిలిచి ఉన్నాడు. అతడు లోపలికి వచ్చినట్లు తేలాలంటే రెండేళ్ళ కొలువు పూర్తి కావాలి, ఆ తరువాత మరొక ఉత్తర్వు వెలువడాలి.

పళనిలో ఈ సంగతి తరచుగా చర్చకు రావడానికి కారణం కలదు. తమిళనాడు ప్రత్యేక పోలీసు దళానికి చెందిన 14వ పటాలం ఈ ఊరిలోనే ఉన్నది. కొత్తగా శిక్షణ ముగించిన వారిని నేరుగా ఊరి పోలీసు స్టేషనుకు పంపరు. ముందుగా ఇటువంటి పటాలాలకో, జిల్లా సాయుధ దళాలకో పంపుతారు. అందువలన హోసూరు, తిరుత్తణి వైపు తెలుగు ఇంటి పిల్లవాడు పళని పటాలానికి రావచ్చు. ఇక్కడి మా పిల్లవాడు కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోని 7వ పటాలానికి పోవచ్చు. దూరం ఎంత ఉన్నా నిబంధన ఒక్కటే. ఇంట తెలుగు, బడిలో తమిళం అయిన మా వంటి కుటుంబాలలో చాలామందికి ఉత్తర్వులోని కార్యాలయపు తమిళం సులభంగా బోధపడదు. దానిని చదివి చెప్పుమని బడి దాకా వచ్చే తల్లిదండ్రుల కోసం మొదలుపెట్టిన వివరణే ఈ వ్యాసం.

కావలి అనే వృత్తి ఇక్కడి తెలుగువారికి కొత్తది కాదు. తెలుగున ‘కావలి’, తమిళాన ‘కావల్’ ఒకే మూలం నుండి పుట్టిన మాటలు. 16వ శతాబ్దంలో మధుర నాయకుల కాలాన దేశాన్ని 72 పాళెములుగా విభజించినప్పుడు, పాళెగాళ్ళలో అనేకులు తెలుగు మాట్లాడేవారే. తమ హద్దులలో దొంగతనాలు జరగకుండా చూడడం వారి బాధ్యత, అందుకు గాను ఊళ్ళ నుండి కావలి రుసుము తీసికొనడం వారి హక్కు. పళనికి చేరువలోని విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు కుంపిణీ వారిని ఎదిరించి 1801లో ఉరికంబమెక్కినాడు. ఆ పోరాటాల తరువాత పాళెగాళ్ళ కావలి హక్కులు కుంపిణీ చేతికి పోయినవి. 1859 నాటి 24వ చట్టంతో మద్రాసు రాజధానిలో జీతం పుచ్చుకొనే పోలీసు వ్యవస్థ ఏర్పడినది. నాటి కావలి తండ్రి నుండి కొడుక్కి వచ్చేది. నేటి కావలిని పరీక్షించి ఇస్తారు, ఇచ్చిన తరువాత కూడా కొంతకాలం పరీక్షిస్తూనే ఉంటారు.

ఎంపిక నుండి పటాలం దాకా

కానిస్టేబుళ్ళను ఎంపిక చేసేది తమిళనాడు యూనిఫాం సర్వీసుల నియామక మండలి. ఇది 1991లో ఏర్పడినది. రెండవ తరగతి కానిస్టేబులు (తమిళంలో ‘ఇరండాం నిలై కావలర్’), జైలు వార్డరు, ఫైర్‌మ్యాన్ ఉద్యోగాలకు ఒకే పరీక్ష జరుగుతుంది. 2023 ప్రకటనలో ఈ మూడింటికి కలిపి 3,359 ఖాళీలు చూపినారు. కనీస విద్యార్హత పదవ తరగతి. వ్రాత పరీక్షలో మొదటి భాగం తమిళ భాషా అర్హత పరీక్ష. దానికి 80 మార్కులు. నూటికి 40 వంతున, అనగా 32 మార్కులు తెచ్చుకోని వారి రెండవ భాగాన్ని దిద్దరు. ర్యాంకుకు పనికి వచ్చేది 70 మార్కుల ఆ రెండవ భాగమే. పురుషులు 1500 మీటర్ల దూరాన్ని 7 నిమిషాలలో పరుగెత్తాలి. స్త్రీలు 400 మీటర్లను రెండున్నర నిమిషాలలో పరుగెత్తాలి.

సరిహద్దు గ్రామాల తెలుగు బడులలో చదివిన పిల్లలకు ఇక్కడ రెండు చిక్కులున్నవి. ఒకటి, పైన చెప్పిన తమిళ పరీక్ష. ప్రభుత్వ ఉద్యోగాలన్నింటికి తమిళ పరీక్షను తప్పనిసరి చేసే ఉత్తర్వు 2021 డిసెంబరులో వెలువడినది. అంతకు మునుపు తమిళం చాలినంత రానివారు కొలువులో చేరి, రెండేళ్ళలో భాషా పరీక్ష నెగ్గే వీలుండేది. ఇప్పుడు పోటీ పరీక్ష దగ్గరనే వడపోత జరుగుతున్నది. రెండవది, తమిళ మాధ్యమంలో చదివిన వారికి 2010 చట్టం ప్రకారం కేటాయించే 20 శాతం ఉద్యోగాలు. తెలుగు మాధ్యమం వారికి ఈ కోటాలో చోటు లేదు. మాతృభాషలో చదివించడం తప్పని నేను అనను. నేను ఉపాధ్యాయుణ్ణి, ఆ మాట నా నోట రాదు. కాని పోలీసు కొలువు కోరే పిల్లవానికి ఎనిమిదవ తరగతి నుండే తమిళ వ్యాకరణం మీద పట్టు కలిగించే ఏర్పాటు ఇంటివారు చేయాలి.

ఎంపికైన వారికి పోలీసు శిక్షణ పాఠశాలలో 7 నెలల ప్రాథమిక శిక్షణ, ఆ పైన పోలీసు స్టేషనులో ఒక నెల ప్రత్యక్ష శిక్షణ ఇస్తూ వచ్చినారు. కవాతు, తుపాకి, చట్టం ఇందులోని ముఖ్య పాఠాలు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత మొదలైన మూడు కొత్త చట్టాలు అమలులోకి రావడంతో, అన్నలు దాచి ఇచ్చిన పాత శిక్షాస్మృతి పుస్తకాలు తమ్ములకు అంతగా ఉపయోగపడవు.

రెండేళ్ళ లెక్క ఎట్లు?

నేరుగా నియమితులైన వారి ప్రొబేషన్ గురించి తమిళనాడు సర్వీసు నిబంధనలలో కనిపించే వాక్యం ఇది: ఎడతెగని మూడేళ్ళ కాలంలో మొత్తం రెండేళ్ళు విధిలో ఉండాలి. రెండవ తరగతి కానిస్టేబులుకూ ఇదే కొలత. ఈ వాక్యాన్ని సరిగా అర్థం చేసికొనక పొరపడేవారు చాలామంది. క్యాలెండరులో రెండేళ్ళు గడిచినంత మాత్రాన చాలదు. విధిలో ఉన్న దినాలు రెండేళ్ళకు సరిపోవాలి, అవి మూడేళ్ళ హద్దు దాటకూడదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒకనికి ప్రొబేషన్ లెక్క 2024 మార్చి 1న మొదలైనదనుకొందాం. లెక్క ఏ తేదీన మొదలగునో అతని ఉత్తర్వును చూచే తెలిసికోవాలి, పక్క ఇంటి కుర్రవాని తేదీని పట్టుకొని లెక్కించరాదు. సెలవులు లేకుండా పని చేసినచో 2026 ఫిబ్రవరి 28తో రెండేళ్ళు నిండుతాయి. మధ్యలో కాలు విరిగి 60 దినాలు వైద్య సెలవులో ఉన్నచో ఆ గడువు 2026 ఏప్రిల్ 29 దాకా జరుగుతుంది. ఇందులో తప్పు ఏమీ లేదు, శిక్ష అంతకంటె కాదు. మూడేళ్ళ హద్దు 2027 ఫిబ్రవరి 28. ఆ లోపల కూడా విధి దినాలు నిండనిచో ప్రొబేషన్‌ను పొడిగించే ఉత్తర్వు అవసరమవుతుంది, అక్కడే చిక్కులు మొదలవుతాయి.

సెలవులన్నీ ఒక్క తీరు కావు. ‘తఱ్‌చెయల్ విడుప్పు’ అనబడే క్యాజువల్ లీవు విధిలో ఉన్నట్లే లెక్క. ‘ఈట్టియ విడుప్పు’ (ఆర్జిత సెలవు), ‘మరుత్తువ విడుప్పు’ (వైద్య సెలవు) తీసికొన్న దినాలు ప్రొబేషన్‌లో కలవవు. స్త్రీలకు ఇచ్చే ప్రసూతి సెలవు చాలాకాలం ఈ లెక్కకు వెలుపలనే ఉండేది. 2021లో ఆ సెలవును 9 నెలల నుండి 12 నెలలకు పెంచినప్పుడు, ప్రొబేషన్‌లో ఉన్న ఆడపిల్లలకు ఒక చేత ఇచ్చి మరొక చేత తీసినట్లయినది. సెలవు పెరిగిన కొద్దీ స్థిరీకరణ వెనుకబడింది, దానితో సీనియారిటీ భయమూ పట్టుకొన్నది. 2025 ఏప్రిల్ 28న ముఖ్యమంత్రి శాసనసభలో ప్రసూతి సెలవు కాలాన్ని కూడా ప్రొబేషన్‌లో కలుపుతామని ప్రకటించినారు. కోడలు కానిస్టేబులైన ఇంటివారు ఈ విషయాన్ని గుర్తుంచుకొని, ఆమె సర్వీసు పుస్తకంలో (‘పణిప్పదివేడు’) ఆ కాలం ఎట్లు నమోదైనదో చూసుకొనమని ఆమెకు చెప్పవలెను.

సెలవు పెట్టకుండా ఇంటికి వచ్చి నిలిచిపోవడం వేరే సంగతి. పటాలపు జీవితం మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. పళనిలో తైపూసం, పంగుని ఉత్తరం ఉత్సవాలకు జనం పోటెత్తినప్పుడు, ఈ కుర్రవాళ్ళే రాత్రింబవళ్ళు కొండ మెట్ల దగ్గరా గిరి వీధిలోనూ నిలబడతారు. ఇతరులు పండుగ చేసికొనే దినాలే వారికి పని దినాలు. ఇల్లు తలచుకొని ఒకడు బస్సెక్కి వచ్చేస్తాడు. తల్లి కూడా ‘నాలుగు దినాలు ఉండి పోరా’ అంటుంది. తమిళనాడు పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం అనుమతి లేకుండా 21 దినాలు రానివానిని దళం విడిచి పారిపోయినవానిగా ప్రకటించవచ్చు. స్థిరపడిన ఉద్యోగికైనా అది గడ్డు పరిస్థితే. ప్రొబేషన్‌లో ఉన్నవాడైతే రెండేళ్ళ లెక్కే తలక్రిందులవుతుంది. జ్వరమైనా, చావు ఇల్లయినా మొదట పటాలానికి తెలియపరచాలి, వ్రాతపూర్వకంగా తెలియపరచాలి.

ఊరి కొట్లాట, పోలీసు కొలువు

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఈ భాగంలోనే ఉన్నది. ప్రొబేషన్‌లో ఉద్యోగం పోవడానికి పనిలో లోపమే కారణమని మనం తలుస్తాము. మన పల్లెలలో చాలా మారులు ఆ కారణం దరఖాస్తు పెట్టకముందే, అమ్మవారి జాతరలోనో, పొలం గట్టు తగవులోనో పుట్టి ఉంటుంది.

తమిళనాడు పోలీసు సబార్డినేట్ సర్వీసు ప్రత్యేక నిబంధనలలో 14(బి) అనేది ఉన్నది. పోలీసు విచారణకు ముందు అభ్యర్థి ఏ క్రిమినల్ కేసులోనూ చిక్కుకొని ఉండకూడదని అది కోరుతుంది. 2003లో దానికి రెండు వివరణలు చేర్చినారు. మొదటి వివరణ ప్రకారం, సందేహ లాభం మీద విడుదలైనవాడు గాని, ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చడం వలన విడుదలైనవాడు గాని, కేసులో చిక్కుకొన్నవానిగానే పరిగణింపబడతాడు. రెండవ వివరణ ఇది: విచారణ సమయానికి కేసు నడుస్తూ ఉండి, తరువాత గౌరవప్రదంగా విడుదలైనా, పొరపాటుగా పెట్టిన కేసని తేలినా, అతడు చిక్కుకొననివానిగానే లెక్క. కాని ఆ ఎంపికలో అతనికి చోటు దక్కదు. తరువాతి ఎంపికలో మరల పాల్గొనవలసిందే. మద్రాసు హైకోర్టు పూర్ణ ధర్మాసనం 2008లో మణికండన్ కేసులో ఈ నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పినది.

మొదటి వివరణను మరొక మారు చదవండి. మన ఊళ్ళలో తగవు తీరే పద్ధతికి ఇది సూటిగా తగులుతుంది. పెద్దలు కూర్చొని రాజీ చేస్తారు. ఫిర్యాదు ఇచ్చినవాడు కోర్టుకు పోయి ‘చీకటిలో ఎవరు కొట్టినారో నేను చూడలేదు’ అంటాడు. కేసు కొట్టివేయబడుతుంది. ఇరు పక్షాలు కలిసి ఇంటికి వస్తాయి, ఊరు ఊపిరి పీల్చుకొంటుంది. పదిమంది నిందితులలో తొమ్మిదిమందికి అది నిజంగానే ముగిసిన కథ. పోలీసు కొలువుకు చదువుతున్న ఆ పదవవానికి మాత్రం ముగియలేదు. ‘ఫిర్యాదుదారు మాట మార్చినందున విడుదల’ అని తీర్పులో వ్రాసిన ఆ ఒక్క వాక్యమే అతనికి అడ్డు నిలుస్తుంది.

నా దగ్గర చదివిన ఒక కుర్రవాని విషయం చెబుతాను. చురుకైనవాడు, పరుగులో బడికి కప్పు తెచ్చినవాడు. జాతర నాటి రాత్రి ఇరువర్గాల నడుమ రాళ్ళు పడినవి. ఫిర్యాదులో అన్న పేరు వ్రాసినవారు తమ్ముని పేరును కూడా చేర్చినారు. కేసు రాజీతో పోయినది. కొన్నేళ్ళకు అతడు ఎంపికైనాడు. పూర్వ వృత్తాంతపు పత్రంలో ‘మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉన్నదా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని వ్రాసినాడు. అట్లు వ్రాయమన్నది ఇంటి పెద్దలే. కొట్టుడుపోయిన కేసును ఎందుకు తవ్వాలని వారి తలంపు. శిక్షణలో ఉండగానే ఆ సంగతి బయటపడినది. కేసు ఒక అడ్డంకి, దానిని దాచడం రెండవ అడ్డంకి. అతడిప్పుడు ఒక నూలు మిల్లులో కావలి ఉద్యోగం చేస్తున్నాడు. పత్రాన్ని నింపే ముందు నన్ను అడిగి ఉన్నచో ఏమి చెప్పి ఉందునో నాకే నిశ్చయంగా తెలియదు. నాడు నేనూ ఈ నిబంధనను చదవలేదు.

దాచడం గురించి సుప్రీంకోర్టు 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా వివరంగా చెప్పినది. అభ్యర్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలి. చిన్న వయస్సులో నినాదాలు చేసినట్టి అల్పమైన కేసును దాచినప్పుడు, యజమాని దానిని పట్టించుకొనక వదలివేయవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, యజమాని పూర్వ వృత్తాంతాన్ని తూచి చూడవచ్చు. అదే తీర్పులో మన విషయానికి ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. ఉద్యోగి అప్పటికే స్థిరపడి ఉన్నచో, విషయం దాచినాడన్న కారణంతో తొలగించడానికి ముందు శాఖాపరమైన విచారణ జరపవలెను. గడప మీద ఉన్నవానికీ లోపలికి వచ్చినవానికీ గల భేదం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రాజీ కేసులను గురించి 2013లో మెహర్ సింగ్ కేసు తీర్పు వచ్చినది. అది ఢిల్లీ పోలీసు అభ్యర్థులకు సంబంధించినది. రాజీ మీద విడుదలైనవాడు పోలీసు ఉద్యోగానికి తగడని ఎంపిక సంఘం భావించినచో, కోర్టు సాధారణంగా జోక్యం చేసికొనదని సుప్రీంకోర్టు అభిప్రాయపడినది.

అయితే ఠాణాలో పేరు పడిన ప్రతి కాగితమూ కేసు కాదు. తమిళనాట ఫిర్యాదు ఇవ్వగానే సీఎస్ఆర్ అనే రసీదు ఇస్తారు. అది ఎఫ్ఐఆర్ కాదు, క్రిమినల్ కేసు అంతకంటె కాదు. ఊళ్ళోవారు రెండింటినీ ఒకటిగా చెప్పి పిల్లవానిని బెదరగొట్టడం నేను విన్నాను. అట్లే 18 ఏళ్ళు నిండకముందు జరిగిన తప్పు బాల నేరస్థుల విషయం క్రిందకు వస్తుంది. 2015 బాలల న్యాయ చట్టంలోని 24వ సెక్షను ప్రకారం ఆ కారణంగా అనర్హత అంటదు. 16 ఏళ్ళు దాటినవారిని ఘోర నేరాలలో పెద్దవారిగా విచారించిన సందర్భం మాత్రం ఇందుకు మినహాయింపు.

కనుక తగవు జరిగిన నాడే ఇంటివారు కొంత జాగ్రత్త పడవలెను. అక్కడ లేని బిడ్డ పేరు ఎఫ్ఐఆర్‌లో పడినచో, రాజీ దాకా ఆగక, దర్యాప్తు సమయంలోనే అతడు వేరే చోట ఉన్న రుజువులను అధికారికి వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. బడి హాజరు, బస్సు టికెట్టు, ఆసుపత్రి చీటీ, ఏదైనా సరే. పేరు పొరపాటున చేరినదని దర్యాప్తులో తేలడానికీ, సందేహ లాభం మీద కోర్టు విడిచిపెట్టడానికీ 14(బి) దృష్టిలో చాలా అంతరం ఉన్నది. కేసు అప్పటికే ముగిసి ఉన్నచో తీర్పు యొక్క ధ్రువీకృత ప్రతి తీసికొని, విడుదలకు కారణంగా ఏ మాటలు వాడినారో న్యాయవాది చేత చదివించుకోవాలి. పత్రంలో ఉన్నది ఉన్నట్లు వ్రాసి, ఆ ప్రతిని జతపరచాలి.

డిశ్చార్జి, డిస్మిస్

ప్రొబేషన్‌లో ఉన్నవానిని తొలగించే ఉత్తర్వులు రెండు విధాలు. పనికి తగలేదు గనుక పంపివేయడం ఒకటి. దీనిని డిశ్చార్జి అంటారు. తప్పు చేసినాడని శిక్షగా తొలగించడం మరొకటి. మొదటిదానికి పెద్ద విచారణ అవసరం లేదు. రెండవదానికి రాజ్యాంగపు 311వ అధికరణం అడ్డుపడుతుంది. ఆరోపణ తెలియజెప్పి, సమాధానం విని, విచారణ జరిపిన తరువాతనే అటువంటి ఉత్తర్వు ఇవ్వాలి. సుప్రీంకోర్టు 1957లో పర్షోత్తంలాల్ ధింగ్రా కేసులో ఈ భేదాన్ని స్థిరపరచినది. తమిళనాడు పోలీసు శాఖలో శిక్షల విధానం 1955 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలను అనుసరించి నడుస్తుంది. చిన్న ఆరోపణలకు 3(ఎ), పెద్ద వాటికి 3(బి). ఇంటికి వచ్చిన ‘కుఱిప్పాణై’లో (మెమోలో) ఈ అక్షరాలు కనిపించినచో గడువులోగా సమాధానం ఇవ్వాలి. సిగ్గుపడి ఇంట దాచడం వలన ప్రయోజనం లేదు.

పైకి డిశ్చార్జిగా కనిపించేది లోపల శిక్ష కావచ్చు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ తెలుగు గడ్డ మీదనే జరిగినది. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో 1981 జూన్ 22 తెల్లవారుజామున వాన పడుతున్నది. ఆ ఉదయపు సాధనకు శిక్షణార్థులందరూ సుమారు 22 నిమిషాలు ఆలస్యంగా వచ్చినారు. ఆలస్యానికి ప్రేరేపకులలో ఒకడని అధికారులు భావించిన అనూప్ జైస్వాల్ అనే ఐపీఎస్ ప్రొబేషనరును ఆ ఏడు నవంబరులో డిశ్చార్జి చేసినారు. ఉత్తర్వులో ఏ నిందా లేదు, విచారణా జరపలేదు. 1984 జనవరిలో సుప్రీంకోర్టు ఉత్తర్వులోని మాటలతో తృప్తిపడక, దానికి అసలు కారణమేమని వెదకినది. ఆ నాటి సంఘటనే పునాది గనుక అది శిక్షే అని తేల్చి, ఉత్తర్వును కొట్టివేసి, ఆయనను మరల కొలువులోకి తీసికొనమన్నది. ఐపీఎస్ అధికారికైనా రెండవ తరగతి కానిస్టేబులుకైనా సూత్రం ఒక్కటే.

దీనిని చూచి ప్రతి డిశ్చార్జినీ కోర్టులో గెలవవచ్చునని తలచరాదు. పనిలో సామర్థ్యం లేదని నివేదికలు ఉండి, నింద మోపని ఉత్తర్వు ఇచ్చినచో అది సాధారణంగా నిలుస్తుంది. ఇతర దేశాలలోనూ ఇదే పోకడ. ఇంగ్లండు, వేల్సులలో 2003 నాటి పోలీసు నిబంధనలు కొత్త కానిస్టేబులుకు రెండేళ్ళ ప్రొబేషన్ విధించినవి. సమర్థుడు కాగలడని తోచనివానిని పంపివేసే అధికారాన్ని 13వ నిబంధన చీఫ్ కానిస్టేబులుకు ఇచ్చినది. డిశ్చార్జి ఉత్తర్వు వచ్చినచో ఆలస్యం చేయక న్యాయవాదిని చూడాలి. దిండిగల్ జిల్లావారికి మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం ఉన్నది, అది 2004 జూలైలో ప్రారంభమైనది. కృష్ణగిరి, తిరువళ్ళూరు జిల్లాలవారు చెన్నైకి పోవలెను.

సరిహద్దుకు ఆవలి బంధువుల సంగతి

చిత్తూరు వైపు మేనమామ ఇంట కూడా కానిస్టేబులు ఉన్నచో పోలికలు రాక తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 1996 నాటి సర్వీసు నిబంధనలు కూడా నేరుగా చేరినవారికి మూడేళ్ళలో రెండేళ్ళ విధి అనే కొలతనే పెట్టినవి. రెండు రాష్ట్రాల నిబంధనలకూ పూర్వపు మద్రాసు రాష్ట్రమే పుట్టిల్లు గనుక ఈ పోలికలో వింత లేదు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలలో చేరిన వారి కథ వేరు. వారిలో మహిళా పోలీసులు కూడా ఉన్నారు. వారికి ప్రొబేషన్ రెండేళ్ళ పాటు నెలకు 15,000 రూపాయల స్థిర మొత్తమే ఇచ్చినారు. రెండేళ్ళు 2021 అక్టోబరుకు నిండినా ఖరారు ఉత్తర్వులు రాలేదు. 2022 జనవరిలో ఉద్యోగులు ఆందోళనకు దిగినారు. చివరకు 2022 మధ్యలో ప్రొబేషన్ ఖరారై పూర్తి జీతాలు వచ్చినవి. ఆ తొమ్మిది నెలల నష్టం చిన్నది కాదు. తమిళనాట రెండవ తరగతి కానిస్టేబులు మూలవేతనం 18,200 రూపాయలతో మొదలవుతుంది. ప్రొబేషన్ పేరుతో తగ్గించిన స్థిర మొత్తం ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. అయితే ఖరారు ఉత్తర్వు ఆలస్యమయ్యే జబ్బు మాత్రం ఉభయ రాష్ట్రాలలోనూ ఉన్నది.

ఉత్తర్వు రాకపోతే ఏమగును? గడువు దాటి కొనసాగినంత మాత్రాన స్థిరపడినట్లేనా? 1968లో ధరంసింగ్ కేసులో సుప్రీంకోర్టు, నిబంధనలలో గరిష్ఠ కాలం చెప్పి ఉండి, అది దాటిన తరువాత కూడా ఉద్యోగిని కొనసాగించినచో, స్థిరపరచినట్లే భావించవలెనని చెప్పినది. 2001లో సత్యనారాయణ ఝవర్ కేసులో, నిబంధనలు ప్రత్యేకమైన ఉత్తర్వును కోరుతున్నచో అది లేనిదే స్థిరీకరణ జరగదని వివరించినది. కనుక ఊహ మీద ఆధారపడక ఉత్తర్వును అడిగి పుచ్చుకోవడమే క్షేమం. రెండేళ్ళు నిండిన నెలలోనే కుర్రవాడు తన కమాండెంటు కార్యాలయానికి, స్టేషనులో ఉన్నచో జిల్లా ఎస్పీ కార్యాలయానికి, విధి దినాల లెక్కతో ఒక వినతి పెట్టవచ్చు. దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.

ఆ ఉత్తర్వు వచ్చిన తరువాత అతడు ‘అప్రూవ్డ్ ప్రొబేషనర్’ అవుతాడు. శాశ్వత ఖాళీలో స్థానం లభించినప్పుడు సర్వీసులో పూర్తి సభ్యుడవుతాడు. ఉత్తర్వు సంఖ్య, తేదీ, ప్రొబేషన్ ముగిసిన దినం, ఈ మూడూ సర్వీసు పుస్తకంలో ఎక్కినవో లేదో అతడు స్వయంగా చూచి, ఒక నకలు ఇంట భద్రపరచవలెను. పటాలం నుండి పటాలానికి, అక్కడ నుండి జిల్లాకు బదిలీలు జరిగేటప్పుడు కాగితాలు వెనుకబడడం అరుదు కాదు. ఇరవై ఏళ్ళ తరువాత పదోన్నతి జాబితా తయారయ్యే నాడు ఆ నకలును వెదుకుతూ ఇంటికి ఫోను చేసిన వారిని నేనెరుగుదును.